యూనిట్ల నిత్యత్వ నియమం

శక్తి నిత్యం. ద్రవ్యవేగం నిత్యం. కోణీయ ద్రవ్యవేగమూ నిత్యమే. మన ఫిజిక్స్ డిపార్టుమెంట్లు ఈ వరసలో నాలుగో నియమాన్ని ఎప్పుడో కనిపెట్టాయి గానీ, వినయం కొద్దీ ఏ పత్రికకూ పంపలేదు. సిలబస్‌ను ఎన్నిసార్లు సవరించినా అందులో కొత్త పాఠాలు పుట్టవు, పాతవి చావవు. ఒక యూనిట్‌లోంచి లేచి ఇంకో యూనిట్‌లో కూర్చుంటాయి.

నమ్మకం లేకపోతే ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ మ్యాథమేటికల్ ఫిజిక్స్ పేపరు తీయండి. లెజెండర్ ఒకటో యూనిట్‌లో ఉంటే అది పాత సిలబస్. రెండో యూనిట్‌లో ఉంటే కొత్త సిలబస్. మూడో యూనిట్‌కు దిగితే 'జాతీయ విద్యా విధానం 2020 స్ఫూర్తితో సమూలంగా పునర్నిర్మించిన' సిలబస్. ఆయన వెంట హెర్మైట్, లాగెర్, బెసెల్ గార్లు కూడా నడిచి వస్తారు. వాళ్ళ వెనకాల ఫోరియర్ సిరీస్, లాప్లాస్ ట్రాన్స్‌ఫారాలు, కాంప్లెక్స్ వేరియబుల్స్. అందరికన్నా చివర, సెమిస్టర్ అయిపోయే వారంలో, రొప్పుకుంటూ టెన్సర్లు.

ఈ నిర్ణయాలు జరిగే చోటు బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగు. పదకొండుకు మొదలు కావాలి, పన్నెండుకు మొదలవుతుంది, ఒకటిన్నరకు భోజనం. ఆ గంటన్నరలో నాలుగు సెమిస్టర్ల చదువు తేలిపోవాలి. ఒక్కొక్కరి ముందు పాత సిలబస్ జిరాక్సు. పైన సంవత్సరం కొట్టేసి, పెన్నుతో కొత్త సంవత్సరం వేసి ఉంటుంది. పక్క విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ మెంబరు గారు తమ సిలబస్ బయటికి తీస్తారు. చైర్మన్ గారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "సరిగ్గా మనలాగే ఉంది సార్" అని మురిసిపోతారు. ఉండదా మరి? క్రితంసారి ఈయన అక్కడికి ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళినప్పుడు మోసుకెళ్ళి ఇచ్చిందే అది. 'ఇతర విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలతో పోల్చి చూడడమైనది' అని మినిట్స్‌లో ఎక్కుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఈ పిల్లలకు వచ్చే సెమిస్టర్‌లో ఎలక్ట్రోడైనమిక్స్ చెప్పే మేడమ్‌కి, క్వాంటమ్ చెప్పే సార్‌కి, ల్యాబులో రీడింగులు తీయించేవాళ్ళకి ఏ లెక్కలు కావాలి? ఈ ప్రశ్న ఒక్కటీ ఆ గదిలో వినిపించదు. అడుగుదామంటే వాళ్ళు పక్క గదిలోనే ఉంటారు. కాకపోతే పక్క గది ఎజెండాలో లేదు. మీటింగులో అడిగే ప్రశ్నలు రెండే: "ఇది ఎవరు చెబుతారు?", "దీని మీద పదిహేను మార్కుల ప్రశ్న వస్తుందా?" మొదటిదానికి జవాబు అందరికీ తెలుసు: కిందటి నెల చేరిన గెస్ట్ లెక్చరర్. కాబట్టి పాఠాల భవిష్యత్తంతా రెండో ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

ఒకసారి, ఎవరో కుర్ర అసిస్టెంట్ ప్రొఫెసరు ధైర్యం చేసి, "సార్, డైమెన్షనల్ ఎనాలిసిస్ పెడదాం. నెట్ పరీక్ష సిలబస్‌లో గణిత పద్ధతుల జాబితా దానితోనే మొదలవుతుంది" అందనుకోండి.

"అది ఇంటర్ ఫస్టియర్‌లోనే ఉందమ్మా."

అంతే. ఆ అమ్మాయి కూర్చుంటుంది, పాఠం కూడా కూర్చుంటుంది. నిజానికి ఆ పాఠానికి ఉన్న లోపం ఇంటర్‌లో ఉండడం కాదు, జవాబు మూడు పంక్తుల్లో అయిపోవడం. 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో తొలి అణుబాంబును పరీక్షించారు. అగ్నిగోళం పెరుగుతున్న ఫొటోలు తర్వాత బయటికొచ్చాయి. పక్కన కొలబద్ద, ఒక్కోదాని మీద ఎన్ని మిల్లీసెకన్లప్పుడు తీసిందో. బ్రిటిష్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ వాటితోనే పేలుడు శక్తిని లెక్కకట్టి 1950లో అచ్చువేశాడు: దాదాపు పదిహేడు వేల టన్నుల టీఎన్‌టీ. అగ్నిగోళం వ్యాసార్ధం, గడిచిన కాలం, చుట్టూ ఉన్న గాలి సాంద్రత, ఈ మూడింటినీ కలిపి శక్తి కొలమానం వచ్చేలా పేర్చాలంటే దారి ఒక్కటే ఉంది: సాంద్రతను వ్యాసార్ధం ఐదో ఘాతంతో గుణించి కాలవర్గంతో భాగించడం. ముందుండే స్థిరాంకం కోసం ఆయన వేరే కష్టపడ్డాడు గానీ, సూత్రం ఆకారం మాత్రం చిత్తుకాగితం మీద తేలిపోతుంది. భౌతికశాస్త్రం చదివినవాడికి బతికినంతకాలం పనికొచ్చే విద్య అది. కానీ మూడు పంక్తులకు పదిహేను మార్కులు ఎలా వేస్తారు? వాల్యుయేషన్ క్యాంపులో పేజీలు చూసి మార్కులు వేసే మహానుభావుడి పరిస్థితి ఏమిటి?

అందుకే లెజెండర్ గారు చిరంజీవి. పదిహేను మార్కుల ప్రశ్న ఆకారానికి కొలిచి కుట్టినట్టు ఉంటాడాయన. జనరేటింగ్ ఫంక్షన్ రాయి, టీతో డిఫరెన్షియేట్ చెయ్యి, రెండు పక్కలా టీ ఘాతం ఎన్ దగ్గరి గుణకాలు సమానం చెయ్యి, రికరెన్స్ రిలేషన్ వచ్చింది, కింద డబ్బా గియ్యి. మొత్తం పేజీన్నర. ఏటా అదే ప్రశ్న, ఏటా అదే పేజీన్నర, ఏటా అదే డబ్బా.

ఆ జనరేటింగ్ ఫంక్షన్‌ను ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దాం. ఒకటి మైనస్ రెండు ఎక్స్ టీ ప్లస్ టీ వర్గం, దానికి వర్గమూలం, అది కింద, పైన ఒకటి. మన కుర్రాడు దీన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇదెక్కడి నుంచి ఊడిపడిందని అడిగితే "ఫస్ట్ యూనిట్, సెకండ్ క్వశ్చన్ సార్" అంటాడు. తప్పు వాడిది కాదు. మూలబిందువు నుంచి కొంత దూరంలో ఒక ఆవేశం పెట్టండి, అంతకన్నా దూరంగా మీరు నిలబడండి. మీకూ ఆవేశానికీ మధ్య దూరం ఎంత? త్రిభుజం గీసి కొసైన్ సూత్రం వాడితే వచ్చేది ఆ వర్గమూలమే. టీ అంటే రెండు దూరాల నిష్పత్తి, ఎక్స్ అంటే మధ్య కోణం కొసైన్. ఒకటి కింద దూరం అంటే పొటెన్షియల్. దాన్ని టీ ఘాతాల్లో విప్పితే మొదటి పదం ఒంటరి ఆవేశం లెక్క, రెండోది డైపోల్, మూడోది క్వాడ్రుపోల్. లెజెండర్ కూడా 1780లలో గోళం కాని గోళాల గురుత్వాకర్షణ లెక్కవేస్తూ వీటి దగ్గరికి వచ్చాడు తప్ప, వైవా ప్రశ్నలు తయారుచేస్తూ కాదు.

ఇది చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. చెప్పరు, ఎందుకంటే అడగరు. రెండో సెమిస్టర్‌లో ఎలక్ట్రోడైనమిక్స్ మేడమ్ బోర్డు మీద 'మల్టీపోల్ ఎక్స్‌పాన్షన్' అని రాసి, అదే వర్గమూలాన్ని మళ్ళీ మొదటినుంచి విప్పుతుంది. పిల్లలు కొత్త పాఠం అనుకుని కొత్త పేజీ తిప్పుతారు.

లెజెండర్ గారి మీద నాకు కోపమేమీ లేదు. హెర్మైట్ లేకపోతే హార్మోనిక్ ఆసిలేటర్ లేదు, లాగెర్ లేకపోతే హైడ్రోజన్ పరమాణువు లేదు. నా కోపమంతా ఒక కుటుంబాన్ని నాలుగు అనాథాశ్రమాల్లో చేర్పించిన తీరు మీద. ఒకటి, ఎక్స్, ఎక్స్ వర్గం, ఎక్స్ ఘనం అని వరసగా పెట్టుకుని, గ్రామ్-ష్మిట్ పద్ధతిలో ఒకదానికొకటి లంబంగా నిలబెట్టుకుంటూ పోండి. మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా తూకం సమానంగా వేస్తే లెజెండర్ వస్తాడు. రేఖ మొత్తం మీద గాసియన్ తూకం వేస్తే హెర్మైట్. సున్నా నుంచి అనంతం దాకా తగ్గిపోయే ఎక్స్‌పొనెన్షియల్ తూకం వేస్తే లాగెర్. సాధనం ఒకటే, తూకమూ హద్దులూ వేరు. స్టర్మ్-లియోవిల్ అనే ఒక్క కప్పు కింద వీళ్ళతోపాటు బెసెల్ గారు, మీ ఫోరియర్ సిరీస్‌లో సైన్లూ కొసైన్లూ కూడా కూర్చుంటారు. రెండు వారాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఏ కొత్త ఫంక్షన్ ఎదురుపడినా పిల్లవాడు బెదరడు.

అయిపోతుంది, అదే ప్రమాదం. నాలుగు ప్రశ్నలు ఒక ప్రశ్న అయిపోతే పేపరు సెట్టర్ ఏం తిని బతకాలి? లెజెండర్‌కు రికరెన్స్ ఒకటి, హెర్మైట్‌కు ఒకటి, లాగెర్‌కు ఒకటి, బెసెల్‌కు ఒకటి. మళ్ళీ రోడ్రిగ్స్ ఫార్ములా, మళ్ళీ ఆర్థోగోనాలిటీ. ఒకే సత్యాన్ని పన్నెండు ప్రశ్నలుగా చిల్లర మార్చుకోవడాన్నే మన దగ్గర ప్రశ్నల బ్యాంకు అంటారు.

మాట్రిక్సుల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1925 జూన్‌లో ఇరవై మూడేళ్ళ హైజెన్‌బర్గ్ పుప్పొడి ఎలర్జీ తట్టుకోలేక హెల్గోలాండ్ దీవికి పోయి, సంఖ్యల పట్టికలను గుణించే వింత పద్ధతి ఒకటి రాసుకొచ్చాడు. అవి మాట్రిక్సులని ఆయనకు తెలియదు. చదువుకునే రోజుల్లో ఆ పాఠం విన్న మాక్స్ బోర్న్ గుర్తుపట్టాడు. అంటే సిలబస్‌లో ఒక పాఠం ఉండడం వల్ల లోకానికి కలిగిన లాభం చరిత్రలో నమోదై ఉంది. మన దగ్గర ఆ పాఠానికి పట్టిన గతి ఏమిటంటే, 'కింది మూడు బై మూడు మాట్రిక్సుకు కేలీ-హామిల్టన్ సిద్ధాంతాన్ని సరిచూడుము, తద్వారా విలోమాన్ని కనుగొనుము'. ఐగెన్ విలువలు ఈ పేపర్లో, క్వాంటమ్ ఆపరేటర్లు ఆ పేపర్లో. ఒకే పరీక్షా కేంద్రంలో రెండు రోజుల తేడాతో పిల్లవాడు రెండూ రాసి వస్తాడు, ఒకటి రెండోదేనని తెలియకుండా.

2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అన్నారు. మంచిదే. రెండు క్యూబిట్లు కలిస్తే స్థితి నాలుగు డైమెన్షన్లలో ఎందుకుంటుందో, పది కలిస్తే 1,024 ఎందుకవుతుందో చెప్పే టెన్సర్ ప్రొడక్ట్ ఏ యూనిట్‌లో ఉందో వెతకండి. ఉండదు. టెన్సర్లు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి: కోవేరియంట్, కాంట్రావేరియంట్, కోషెంట్ లా, ఆఖర్న స్థూపాకార నిరూపకాల్లో క్రిస్టాఫెల్ సింబల్స్. వాటిని చెమటోడ్చి లెక్కవేయిస్తారు. ఎందుకయ్యా అంటే సాపేక్ష సిద్ధాంతానికి. సాధారణ సాపేక్ష సిద్ధాంతం కోర్సులో ఉందా? లేదు. పెళ్ళికొడుకును వెతక్కుండానే వాకిట్లో పందిరి వేయించి, బంతులు భోజనాలకు కూర్చోబెట్టడం ఇదే.

ఇక సంభావ్యత, గణాంకాలు. వాటికోసం వేరే డిపార్టుమెంటు ఉందట. ఉంది, కాంపౌండు గోడకు అవతల. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు గణితం చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. 1945లో, పాతికేళ్ళ వయసులో, ఆయన ఒక హద్దు గీశారు: చేతిలో ఉన్న డేటా నుంచి ఒక రాశిని ఎంత కచ్చితంగా రాబట్టినా, అనిశ్చితి ఇంతకన్నా తగ్గదు అని. అదే క్రామెర్-రావు హద్దు. నేడు క్వాంటమ్ సెన్సర్ల మీద వచ్చే పరిశోధనల్లో ఆ పేరు లేకుండా మాట ముందుకు సాగదు. 102 ఏళ్ళ వయసులో, 2023లో, ఆయనకు అంతర్జాతీయ గణాంక పురస్కారం ప్రకటించినప్పుడు మన విశ్వవిద్యాలయాలన్నీ ఫ్లెక్సీ కట్టదగినంత గర్వపడ్డాయి. మన ఎమ్మెస్సీ కుర్రాడు మాత్రం ల్యాబ్ రికార్డులో గురుత్వ త్వరణం 9.8 అని రాస్తాడు, పక్కన ప్లస్ ఆర్ మైనస్ లేకుండా. రీడింగులు ముందు వచ్చాయా 9.8 ముందు వచ్చిందా అన్నది ల్యాబు గోడలకు తెలుసు. దోషాల లెక్క ఎందుకు పెట్టరంటే, అందులో డెరివేషన్ తక్కువ, నిజాయితీ ఎక్కువ కావాలి. పరీక్షలో దేన్ని దిద్దాలి?

ఫోరియర్ పరిస్థితి కూడా అంతే. చదరపు తరంగం, రంపపు పళ్ళ తరంగం, రెండూ విప్పిస్తారు. కొలిచిన సంకేతంలో రొద ఉంటుందన్న మాట ఎక్కడా రాదు. కూలీ, ట్యూకీ 1965లో అచ్చువేసిన వేగవంతమైన ఫోరియర్ పద్ధతి పిల్లవాడి జేబులో ఫోన్లో క్షణక్షణం పనిచేస్తూనే ఉంటుంది, సిలబస్‌కు మాత్రం ఇంకా చేరలేదు. అరవై ఏళ్ళేగా, తొందరేముంది.

కంప్యూటర్‌కు మాత్రం అన్యాయం చేయలేదు సుమండీ. రంగే-కుట్టా ఉంది, సింప్సన్ ఉన్నాడు. యంత్రానికి చెప్పి లక్ష అడుగులు వేయించడానికి పనికొచ్చే ఆ పద్ధతులతో పరీక్ష హాల్లో చేత్తో రెండడుగులు వేయిస్తారు, 'సైంటిఫిక్ కాలిక్యులేటర్ అనుమతించబడును' అన్న ఉదార వాక్యంతో. కంప్యూటర్ ల్యాబు ఉంది. తాళం అటెండర్ దగ్గర ఉంది. అటెండర్ డెప్యుటేషన్ మీద ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఉన్నాడు.

సంస్కర్తలు లేరనుకునేరు, ఉన్నారు. పాతవాళ్ళే నయమనిపించేలా ఉన్నారు. 2024లో ఫిజిక్స్ నోబెల్ హాప్‌ఫీల్డ్‌కీ హింటన్‌కీ వచ్చిందన్న వార్త చదివి, ఐదో యూనిట్‌గా 'కృత్రిమ మేధ: పరిచయం' అంటించే రకం ఇది. అందులో ఏముంటుంది? మెషిన్ లెర్నింగ్ నిర్వచనం, రకాలు, లాభాలు, నష్టాలు. గ్రేడియెంట్ మన వెక్టార్ కాలిక్యులస్‌దేననీ, హింటన్ వాడిన బోల్ట్‌జ్‌మన్ పంపిణీ మన స్టాటిస్టికల్ మెకానిక్స్‌దేననీ ఒక్క ముక్క ఉండదు. న్యూరల్ నెట్‌వర్క్ బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే ఐదు మార్కులు. ఎనిమిదో తరగతిలో పువ్వు భాగాలు గుర్తించినవాడికి ఇందులో కష్టమేముంది.

ఇంకో రకం సంస్కర్తలు మన వారసత్వం కావాలంటారు. కావాలి. కానీ వాళ్ళు తెచ్చేది ఎక్కాలు తొందరగా చేసే చిట్కాల సూత్రాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి పనిచేసిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం గారు స్వీడన్‌కు చెందిన ప్లేయెల్‌తో కలిసి 1949లో ఒక పేపరు రాశారు. ఒక వస్తువు మీద లాప్లాసియన్ ఐగెన్ విలువలు తెలిస్తే దాని పరిమాణం గురించి ఏమేం తెలుస్తుందో చెప్పే పని. వక్ర దేశకాలంలో క్వాంటమ్ క్షేత్రాలను లెక్కవేసేవాళ్ళు ఇవాళ్టికీ వేడి సమీకరణానికి ఆ పేపరు ఇచ్చిన విస్తరణ వాడతారు. వేడి సమీకరణం మన సిలబస్‌లో ఉంది. దాన్ని పట్టుకుని లోకం తిరిగొచ్చిన మన ఊరి మాస్టారి పేరు మాత్రం లేదు. వారసత్వ యూనిట్ రాసే కమిటీ ఆయన దాకా రాకుండానే భోజనానికి లేచింది.

పుస్తకాల జాబితా మీద రెండు మాటలు. మొదట ఆర్ఫ్‌కెన్ ఉంటుంది, వెయ్యి పేజీలు దాటిన ఆ గ్రంథం లైబ్రరీ అద్దాల బీరువాలో భద్రంగా ఉంటుంది. తర్వాత మాథ్యూస్-వాకర్, కార్నెల్‌లో ఫైన్‌మన్ చెప్పిన కోర్సులోంచి పెరిగిన పుస్తకం, జాబితాకు అందం కోసం. పిల్లల చేతుల్లో నలిగేది యూనివర్సిటీ గేటు ఎదుట జిరాక్సు షాపులో దొరికే స్పైరల్ బైండింగు 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్'. దాన్ని కూర్చిన అజ్ఞాత సంపాదకుడే ఈ కోర్సుకు అసలైన బోర్డ్ ఆఫ్ స్టడీస్. ఏ పాఠం ఉండాలో, ఏది పోవాలో ఆయన ఎన్నడో తేల్చేశాడు. ప్రతి యూనిట్‌లో 'లేదా' ఉంది కనక సగం చదివితే చాలని పిల్లలకు చెప్పిన ఉపకారి కూడా ఆయనే.

ఆ సగంతో పట్టా వస్తుంది. పట్టా పుచ్చుకుని పిల్లవాడు నెట్‌కు కూర్చుంటే అక్కడ సంభావ్యత అడుగుతారు, గ్రీన్ ఫంక్షన్ అడుగుతారు, కొలమానాల నుంచి ఊహించమంటారు. కోచింగు సెంటరుకు ఫీజు కట్టి, రెండేళ్ళు చదివిన ఫిజిక్స్‌ను మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటాడు. అక్కడ మొదటి వారం క్లాసు ఏమిటో చెప్పనా? ఇంటర్ ఫస్టియర్‌లోనే ఉన్న ఆ పాఠం.

కాబట్టి బోర్డువారికి నాదొక ప్రతిపాదన. ఖర్చు లేదు, టీఏ డీఏ అక్కర్లేదు. వచ్చే మీటింగులో సిలబస్ జిరాక్సు పంచాక, తాము పట్టా పుచ్చుకున్న రోజు నుంచి ఇవాళ్టి దాకా, పాఠం చెప్పడానికి కాకుండా సొంత పనికి, ఒక్కసారైనా వాడిన అంశం పక్కన ప్రతి సభ్యుడూ టిక్కు పెట్టాలి. ఒక్క టిక్కు కూడా పడనివి కొట్టేద్దాం, అందరివీ పడినవి ఉంచుదాం. ఆ లెక్కన చివరికి శాతాలు మిగులుతాయి, డీఏ బకాయిలు చూసుకోవడానికి వాడినవి. అందులో మాత్రం 'లేదా' ఉండదు. ఏ సభ్యుడూ పైసా తేడా రానివ్వడు.